ఇంటిపేరుకి అర్థం

జూన్ 3

వదినా,

ముందు చేతులకున్న సిరా తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చో. నిలబడి చదివితే సగంలో మిషను దగ్గరికి పరిగెడతావు. మిగతా సగం నీకు నాలుగు రోజుల తర్వాత గుర్తొస్తుంది.

నేను బాగున్నాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. నా గది కిటికీ సరిగ్గా మూసుకోదు, పాత నిఘంటువు ఒకటి అడ్డం పెట్టాను. పదిమందికి చదువు చెప్పిన పుస్తకం ఇప్పుడు నాకు గడియలా పనికొస్తోంది.

ఆఫీసులో కొత్త పని అప్పగించారు. మాది ఇంగ్లీషు నిఘంటువు కదా. అందులో కొందరి ఇంటిపేర్లు కాలం గడిచేకొద్దీ మామూలు మాటలైపోయి ఉంటాయి. అలాంటివాటికి అర్థాలు రాయాలి. నా వాటాకి వచ్చిన మొదటి పెద్దమనిషి ఎవరో తెలుసా? గూటెన్‌బర్గ్! ఐదారు వందల ఏళ్ల కిందట లోహంతో విడివిడి అక్షరాలు పోతపోసి పుస్తకం అచ్చువేసిన మహానుభావుడు. మన వృత్తికి పెద్దదిక్కు.

నాకు కావలసింది ఆయన చరిత్ర కాదు. ఇవాళ్టి ఇంగ్లీషులో ఆయన పేరుతో జనం ఏం చేస్తున్నారన్నది కావాలి. చాలానే చేస్తున్నారు. కొత్త యంత్రం ఏదైనా వచ్చి లోకం తలకిందులయ్యేలా కనిపిస్తే 'ఇది గూటెన్‌బర్గ్ ఘడియ' అంటున్నారు. ఏ రంగంలోనైనా తొలిదారి వేసినవాణ్ణి 'ఈ పనికి ఇతనే గూటెన్‌బర్గ్' అంటున్నారు. కాగితం రోజులు పోయాయని చెప్పదలిస్తే 'గూటెన్‌బర్గ్ యుగం ముగిసింది' అని నిట్టూరుస్తున్నారు. ఇంటర్నెట్‌లో ఊరికే చదువుకునే పుస్తకాల భాండాగారం ఒకటుంది, దానికీ ఆ పేరే. వెబ్ పేజీలు కూర్చే పనిముట్టుకీ ఆ పేరే. చివరికి భూమి లోపల ఎక్కడో రెండు పొరల మధ్య సరిహద్దు ఉందట, దానికి కూడా! పాపం ఆయన అక్షరాలతో ఆగకుండా భూమి కూడా తవ్వినట్టున్నాడు.

ఇవన్నీ ఏరుతుంటే మన సంగతే గుర్తొచ్చింది. మన ఊళ్లో మొదటి ప్రెస్సు నాన్నదే కదా. నా చిన్నప్పుడు ఎవరూ 'కార్డులు అచ్చేయించు' అనేవాళ్లు కాదు. మన ఇంటిపేరు చెప్పి 'అవి ఒక వంద పట్రా' అనేవాళ్లు. రసీదు పుస్తకమైనా, ఆహ్వానమైనా, మందు సీసా మీద లేబులైనా అన్నీ మన ఇంటిపేరే. ఆ లెక్కన గూటెన్‌బర్గ్ పక్కన మనల్ని కూడా ఎక్కించాలి. ఎక్కించెయ్యనా?

ప్రింటింగు వాళ్లు మీలో మీరు ఆయన పేరు ఎలా వాడతారో రాయి, నా పనికి పనికొస్తుంది. అన్నయ్య చెయ్యి ఎలా ఉంది? ఫోనులో అడిగితే 'ఊ' అంటాడు. ఆ 'ఊ'లో నొప్పి ఉందో విసుగుందో నాకు తెలిసి చావదు. నువ్వే వివరంగా రాయి.

నీ కామా

(ఎక్కడా ఆగదు, ఊపిరి కోసం కాస్త నిలబడుతుందంతే అని నాన్న పెట్టిన పేరు నిలబెట్టుకున్నాను చూడు!)


జూన్ 10

కామా,

కూర్చునే చదివాను. సిరా మాత్రం తుడవలేదు, నువ్వేం చూస్తావని!

ప్రింటింగు వాళ్లం గూటెన్‌బర్గ్ గారి గురించి ఏమనుకుంటామని అడిగావు. ఏమీ అనుకోం తల్లీ. ఆయన పేరు పలికేలోపు పది కార్డులు పడతాయి. బాగా అరిగిపోయిన అక్షరం చేతికొస్తే మాత్రం 'ఇది ఆయన పోసిందే' అనుకుంటాను.

కూర్చుని చదివాక, నీ ఉత్తరం ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడి ఇంకోసారి పైకి చదివాను. ఎందుకలా అంటావేమో. మామయ్యగారి పద్ధతి నీకు తెలుసుగా. ఈ షాపులోంచి ఏ కాగితం గడప దాటాలన్నా ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కళ్లు మూసుకుని వినాలి. కన్ను మొహమాటపడుతుంది, చెవి పడదు అనేవారు. ఆయన చదివితే అత్తయ్యగారు వినేవారు. మా రోజుల్లో నేను చదివితే మీ అన్నయ్య వినేవారు. ఇప్పుడు మీ అన్నయ్య కిందికి దిగరు. ట్రెడిల్ అచ్చు మిషనులో చెయ్యి పడిన రోజు మేడెక్కారు, అంతే. కట్టు విప్పి చాలా కాలమైంది. రెండు వేళ్లు వంగవు, మిగతా అంతా బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. చెయ్యి మానింది గానీ మనిషి మానలేదు.

అందుకని నేను ప్రూఫు పట్టుకుని మెట్ల కింద నిలబడి చదువుతాను. ఆయన పైనుంచి చేతికర్రతో నేలమీద కొడతారు. ఒక దెబ్బయితే సరే, రెండయితే తప్పు. మా కాపురం ఇప్పుడిలా నడుస్తోంది. నవ్వకు.

నీ ఉత్తరంలో మన ఇంటిపేరు ఎక్కించెయ్యనా అన్న మాట చదివాక పైన కర్ర చప్పుడు లేదు. నిద్రపోయారేమో అనుకున్నాను. చూస్తే పై మెట్టు మీద నిలబడి ఉన్నారు.

"నిజంగా ఎక్కిస్తుందా?" అన్నారు.

"అది తమాషాకి రాసి ఉంటుందండీ."

"కామా దేంతోనైనా తమాషా ఆడుతుంది గానీ నాన్న పేరుతో ఆడదు" అన్నారు.

ఆ పూట కిందికొచ్చి నాతో కూర్చుని భోంచేశారు. అన్నం తింటూ, ఊళ్లో ఎవరెవరు ఆ మాట అంటున్నారో వెళ్లి అడగాలి, రుజువు లేకుండా నిఘంటువు వాళ్లు ఎలా ఒప్పుకుంటారు అని ఒకటే ఆలోచన. ఆయన అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో! నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని చెప్పాను.

కానీ ఒక్క మాట. ఆయన్ని ఊళ్లోకి పంపే ఆలోచన మాత్రం చెయ్యకు. ఎండలు మండిపోతున్నాయి.

వదిన


జూన్ 17

వదినా, అన్నయ్యా,

మెట్ల కింద ఒకరు, మెట్ల పైన ఒకరు వింటున్నారని తెలిశాక ఇద్దరికీ కలిపి రాయకుండా ఎలా ఉంటాను?

అన్నయ్యా, నువ్వు భోజనానికి కిందికి దిగావని చదివి ఆఫీసులో పక్క సీటావిడకి కూడా చెప్పాను. ఆవిడ నిన్నెప్పుడూ చూడలేదు, అయినా చాలా సంతోషించింది. నువ్వు అనుకున్నది సరైనదే. మాట పుస్తకంలోకి రావాలంటే రుజువు కావాలి. మా పద్ధతి చెప్తాను విను. ఎవరినీ 'ఇలా అంటారు కదా' అని అడగకూడదు, అలా అడిగితే మొహమాటానికి అవునంటారు. వాళ్లంతట వాళ్లు ఏ వాక్యంలో వాడతారో చెప్పమనాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, దిద్దకూడదు. నాన్న పేరైనా సరే, దిద్దకూడదు.

మా పెద్ద ఎడిటరుని కదిపి చూస్తాను. మాది ఇంగ్లీషు పుస్తకం కాబట్టి మన మాట అందులో దూరడం కష్టమే. అయినా ఇంటిపేర్లు మాటలుగా ఎలా మారతాయన్న వ్యాసం ఒకటి ముందు పేజీల్లో వేస్తారట. అందులో ఉదాహరణగా ఒక వాక్యం పట్టదా?

గూటెన్‌బర్గ్ గారి గురించి ఇంకో సంగతి తెలిసింది. వాళ్ల నాన్న వైపు పేరు ఇది కాదట. వాళ్ల పేరుకి అర్థం బాతు మాంసమట! ఆ రోజుల్లో అక్కడి పెద్ద కుటుంబాలకి వాళ్లు ఉండే ఇంటిని బట్టి పేరొచ్చేది. గూటెన్‌బర్గ్ అన్నది వాళ్ల ఇంటి పేరు. ఇంటిపేరంటే అక్షరాలా ఇంటిదే అన్నమాట. ఆయన ఇంకో ఇంట్లో ఉండి ఉంటే ఇవాళ లోకమంతా 'ఇది బాతు మాంసం ఘడియ' అనేది. ఇంకో విచిత్రం, ఆయన అచ్చువేసినవాటిలో ఆయన పేరు ఎక్కడా కనిపించదట. ఎవరి పేరు ప్రతి నోటా నానుతోందో ఆయన తన పేరు ఒక్కసారీ అచ్చువేసుకోలేదు. నాన్నయితే పావలా చీటీ కింద కూడా మన ఇంటిపేరు వేసేవాడు.

అన్నయ్యా, వెళ్లు. చెప్పులు వేసుకుని వెళ్లు. వదిన ఎండలంటోంది, గొడుగుందిగా. మందుల షాపు, దర్జీ, స్కూలు, అందరినీ అడుగు. నీ వాక్యాల కోసం చూస్తుంటాను.

మీ కామా


జూన్ 24

కామా,

ఉత్తరం అందింది. పోస్టుమాన్ చేతిలోంచి ఆయనే తీసుకున్నారు. మెట్ల మీద కూర్చుని ఆయనే పైకి చదివారు, నేను విన్నాను. తలకిందులు కదూ. చదవడం అవగానే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

పని ఎక్కువగా ఉంది, వివరంగా రాయలేను. ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఇంటిపేరు సంగతి ఇక్కడితో వదిలెయ్యి. మీ ఆఫీసులో ఒప్పుకోలేదని ఆయనకి రాసెయ్యి. రెండు రోజులు బాధపడతారు, తర్వాత మర్చిపోతారు. ఊళ్లో అందరి గుమ్మాలు ఎక్కి మా ఇంటిపేరు మీరెలా వాడతారండీ అని అడగడం ఏం బాగుంటుంది? అడుక్కున్నట్టు ఉంటుంది.

ఎందుకని అడగకు. నేను చెప్తున్నాను, అంతే.

వదిన


జూలై 1

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఇంకొంచెం చేదుగా అనిపించింది.

అన్నయ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు, మెట్ల మీద కూర్చుంటున్నాడు, నా ఉత్తరం తన గొంతుతో చదువుతున్నాడు. ఇంతకంటే మనకేం కావాలి? నువ్వే కదా ఏడుపొచ్చిందని రాశావు. ఇప్పుడు అబద్ధం రాసి, ఆ మనిషిని మళ్లీ మేడ ఎక్కించమంటున్నావు. కారణం కూడా చెప్పవు.

నాకు తోచిన కారణం రాస్తే నీకు కోపమొస్తుంది. అయినా రాస్తాను. ఆ పేరు మాకు పుట్టుకతో వచ్చింది, నీకు పెళ్లితో వచ్చింది. మాకు అది నాన్న గొంతు. నీకది బోర్డు మీద అక్షరాలేమో. ఇన్నేళ్లుగా అక్కడ నిలబడి ఒంటరిగా మిషను నడుపుతున్నది నువ్వు, పేరు మాత్రం మాది. అది నీకు కష్టంగా ఉంటే ఉండొచ్చు, నేను తప్పు పట్టను. కానీ ఆ కష్టం అన్నయ్య మీద చూపించకు.

పెద్ద ఎడిటరుని ఇవాళే అడిగాను. చూద్దాం అన్నారు. అన్నయ్యకి నేను అబద్ధం రాయను.

కామా


జూలై 6

కామా,

ఇది నువ్వొక్కదానివే చదువు, పక్క సీటావిడకి వద్దు.

నీ ఉత్తరం ఆయన చేతిలో పడకుండా నేను ముందే తీసుకున్నాను. మంచిపని చేశాను. నీకు పుట్టుకతో వచ్చిందన్నావు, నిజమే. నాకు మెడలో పడింది. కానీ ఆ పేరున్న బోర్డు కింద రోజూ పొద్దున్నే నిలబడేది నేను. ఆ పేరు పెట్టి ఊరు ఏమంటోందో వినేది కూడా నేనే. నువ్వు ఊరు వదిలి చాలా ఏళ్లయింది. నువ్వు చెప్పే మాట, 'అవి ఒక వంద పట్రా' అనేది, ఇప్పుడెవరూ అనరు.

ఇప్పుడేమంటారో చెప్తాను. రేపిస్తాను మాపిస్తాను అని తిప్పుకునేవాణ్ణి మన ఇంటిపేరుతో పిలుస్తారు. బస్సు రాకపోతే, ఇవాళ బస్సు ఫలానా వాళ్లయిపోయింది అని మన పేరు చెప్తారు. నెలలు నిండి పది రోజులైనా పుట్టని బిడ్డని నర్సు కూడా మన పేరుతోనే పిలిచింది. ఆ మాట అన్నాక నన్ను చూసి నాలిక కరుచుకుంది. ఇదమ్మా మన ఇంటిపేరుకి అర్థం. ఆలస్యం.

మామయ్యగారి రోజుల్లోనే కొంచెం మొదలైంది. ఆయనకీ అత్తయ్యగారికీ మాటల్లేని రోజుల్లో చదివేవాళ్లూ వినేవాళ్లూ ఉండేవారు కాదు. ఊళ్లో కార్డులన్నీ ఆగిపోయేవి. వాళ్లిద్దరూ మాట్లాడుకునేదాకా ఎవరి శుభకార్యమైనా ఆగాల్సిందే. అప్పుడది ముద్దుగా అనేవారు. ఇప్పుడు ముదిరింది నా మూలంగా. మీ అన్నయ్య కర్ర కొట్టనిదే నేను ఏ కాగితమూ ఇవ్వను. ఒక్కోసారి ఆయన వెంటనే కొడతారు. ఒక్కోసారి రెండ్రోజులైనా పైన చడీచప్పుడు ఉండదు. నేను రోజూ అదే ప్రూఫు పట్టుకుని మెట్ల కింద నిలబడి మళ్లీ చదువుతాను. నేనే చూసుకుని ఇచ్చెయ్యొచ్చు, కాదనను. తప్పులు నాకూ కనిపిస్తాయి. కానీ ఇచ్చేస్తే ఆయన ఇక ఎందుకు వినాలి? ఈ షాపుకి ఆయనతో ఉన్న ఆఖరి పని అదొక్కటే. అది కూడా నేను తీసేసుకుంటే ఆయన మంచం దిగరు కామా. ఊరు నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఇప్పుడాయన ఊళ్లోకి వెళ్లి అర్థం చెప్పమని అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. అది వింటే మళ్లీ ఏ మేడ ఎక్కుతారో, ఎవరు దించుతారో! నీకు చెప్దామంటే, మీ నాన్నగారి పేరు గురించి ఈ మాట నా చేత్తో రాయలేకపోయాను. ఇప్పుడు రాయించావు.

నిన్న చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. ఎల్లుండి దర్జీ దగ్గరి నుంచి మొదలుపెడతారట. అతని దుకాణం లేబుళ్లు పోయిన నెల నుంచి మన దగ్గరే ఉన్నాయి. నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపు.

వదిన


జూలై 11

వదినా,

నన్ను తిట్టు. తిట్టవు, నాకు తెలుసు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది. బోర్డు మీద అక్షరాలన్నాను. ఆ మాట నా చేతుల్తో తీసి మళ్లీ అచ్చక్షరాల పెట్టెలో వేసెయ్యాలని ఉంది. నువ్వు మోస్తున్నది మాకంటే బరువైన పేరు వదినా. మేం దాంతో పుట్టామంతే.

నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. నీకు మిషను చప్పుడులో వినపడలేదేమో, అన్నయ్య ఎత్తాడు. "కామా, నేను పనిమీద బయటికెళ్తున్నాను, తర్వాత మాట్లాడతాను" అన్నాడు. పనిమీద! ఆ మాట వాడి నోట విన్నాక ఆపలేకపోయాను. ఊ అన్నాను. ఆ ఊకి అర్థమేమిటో నాకే తెలీదు.

అప్పట్నుంచి ఆఫీసులో ఏ పనీ చేతికి రావడం లేదు. గూటెన్‌బర్గ్ అర్థాలన్నీ రాసి ఇస్తే పెద్ద ఎడిటరు ఒకటి కొట్టేశారు. భూమి పొరల సరిహద్దుకి పేరిచ్చింది మన అచ్చు గూటెన్‌బర్గ్ కాదట, తర్వాత ఎన్నో వందల ఏళ్లకి భూకంపాల గురించి చదివిన ఇంకో గూటెన్‌బర్గట. నేను ఇద్దరినీ కలిపేశాను. నాన్న ఉంటే చెవి మెలేసేవాడు.

అప్పుడే మన సంగతి మళ్లీ అడిగాను. ఏ అర్థమో కూడా చెప్పాను, దాచలేదు. ఆయన నవ్వలేదు. "ఇంటిపేరు మాటగా మారాక అది ఆ ఇంటివాళ్ల చేతిలో ఉండదమ్మా. గూటెన్‌బర్గ్‌ని అడిగి ఎవరైనా వెబ్ పేజీల పనిముట్టుకి పేరు పెట్టారా? వాడేవాళ్లదే పేరు" అన్నారు. మన మాట మాత్రం వ్యాసంలో పట్టదని చెప్పేశారు. అన్నయ్యకి ఆ సంగతి ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. ఆశ పెట్టింది నేనే.

ఏం జరిగిందో రాయి. మంచిదైనా చెడ్డదైనా రాయి. నువ్వు రాసేదాకా నాకు అన్నం సయించదు.

నీ కామా


జూలై 20

కామా,

అన్నం తిను. తిని చదువు.

ఆయన వెళ్లింది వెళ్లినట్టు దర్జీ దుకాణంలోనే కూర్చున్నారట. ఇదంతా తర్వాత దర్జీ నాకు చెప్పాడు, కొంత ఈయన చెప్పారు. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నాను. ఈయన కాగితం తీసి, "మా ఇంటిపేరు మీరు ఏ అర్థంలో వాడతారు? మీ అంతట మీరు ఒక వాక్యం చెప్పండి. దిద్దను" అన్నారట. దర్జీ చేసేదేం లేక టేపు తీసి ఈయన మెడ కొలతలు తీసుకున్నాడట. చొక్కా కుట్టించుకోవడానికి రాలేదయ్యా అంటే, అప్పుడు నిజం చెప్పేశాడు. "ఏమనుకోకండి. కుట్టిన బట్టలు ఎవరికైనా వాయిదా వేస్తే, ఏంటయ్యా నువ్వు కూడా ఫలానా వాళ్లయ్యావా అని మీ పేరే అంటారు. నేనూ అంటాను."

ఈయన అది రాసుకున్నారట. చెప్పింది చెప్పినట్టు. నువ్వు నేర్పావుగా.

తర్వాత ఎందుకలా అంటారు అని అడిగారు. దానికి దర్జీ, "మీకు తెలీదా? మీ ఆవిడ మెట్ల కింద చదువుతుంటే వీధంతా వింటాం. పైనుంచి మీ కర్ర చప్పుడైతే ఆ రోజు కాగితాలు వస్తాయి, లేకపోతే రావు. కర్ర పడిందా అని ఇక్కడ ఒకళ్లనొకళ్లం అడుగుతుంటాం. నిన్న మా లేబుళ్లు చదివింది. మూడోసారి. నాకు కంఠతా వచ్చేసింది" అన్నాడట.

ఇక్కడ నా మనసంతా ఆ దర్జీ దుకాణం మీదే ఉంది. మందు లేబుళ్లు తప్పుగా తిరగేసి అచ్చేశాను, అది వేరే సంగతి. సాయంత్రం ఈయన వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచారు. మెట్ల వైపు చూశారు. ఎక్కేస్తారనే అనుకున్నాను.

"ఊరంతా నా కర్ర కోసం కాచుకుని కూర్చుందా?" అన్నారు.

నేను గుడ్డ తీసి చేతుల సిరా తుడుచుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దిగొచ్చేవారా?"

"రాను" అన్నారు. ఆ తర్వాత నవ్వారు కామా. ముందు ముక్కులోంచి, తర్వాత గట్టిగా. స్టూలు మీద కూర్చుండిపోయి కళ్లు తుడుచుకుంటూ, "నేను మేడమీద కూర్చుని ఈ ఊరు నన్ను మర్చిపోయిందనుకున్నానే. వీళ్లు నన్ను తిట్టుకుంటూ ఎదురు చూస్తున్నారు!" అన్నారు. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది, నాకు తెలిసింది. నేను దాయలేదు, ఆయన పక్కన కూర్చుని ఏడ్చేశాను. ఈసారి కారం మీద నెట్టలేదు.

"దర్జీవి తియ్యి, చదువు" అని కళ్లు మూసుకున్నారు. చదివాను. మూడుసార్లు మెట్ల కింద చదివినప్పుడు దొరకని తప్పు, పక్కన కూర్చుని వింటే ఒక్కసారికే దొరికింది. లేబుళ్లు మర్నాడు పొద్దున్నే ఆయనే తీసుకెళ్లి ఇచ్చారు. దర్జీ హడలిపోయి, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగాడట.

అప్పట్నుంచి రోజూ కిందే ఉంటున్నారు. ఎడమచేత్తో అక్షరాలు కూర్చడం మొదలుపెట్టారు. చిన్నపిల్లాడు అఆలు దిద్దినట్టే ఉంది, ఒక వరుసకి ఒక పూట పడుతోంది. వంగని ఆ రెండు వేళ్లని చూసి ఒక్కోసారి అక్షరాలు పేర్చే స్టిక్కు బల్లమీద విసిరేస్తారు. మళ్లీ ఆయనే తీసుకుంటారు. అన్నీ ఒక్కరోజులో బాగైపోయాయని నీకు రాయను. ఒకపూట మళ్లీ మేడెక్కి మౌనంగా కూర్చున్నారు. మర్నాడు దిగారు.

మీ ఆఫీసులో కుదరలేదని చెప్పాను. నీ ఉత్తరం అంతా చదివి వినిపించాను, నీ సిగ్గుతో సహా. నువ్వేమనుకున్నా సరే, ఈ ఇంట్లో చదవని కాగితం ఉండకూడదు. పాత ఉత్తరం మాత్రం, ఆ బోర్డు అక్షరాలది, ఆయనకి చదివి వినిపించలేదు, ఎప్పుడూ వినిపించను. దాని గురించి నువ్వు ఇంకోసారి ఎత్తావంటే నీతో మాట్లాడను.

పుస్తకంలో పట్టదంటే ఆయన బాధపడలేదు. "ఈ అర్థంతో పట్టకపోవడమే మేలు. ముందు దీన్ని మార్చాలి, తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకో మాట కూడా నిన్ను అడగమన్నారు. గూటెన్‌బర్గ్ గారు ఆ పెద్ద పుస్తకం ఒప్పుకున్న రోజుకే ఇచ్చారా, వాళ్ల ఊరివాళ్లని కూడా తిప్పుకున్నారా? కనుక్కుని రాయి. తిప్పుకుని ఉంటే ఆ అర్థం కూడా నీ పుస్తకంలో రాయమంటున్నారు, దాయొద్దట.

ఇంకా చాలా రాద్దామని కూర్చున్నాను గానీ కింద నుంచి కేకలు వినిపిస్తున్నాయి. ఇప్పుడు నేను మేడమీద, ఆయన కింద. వాడిన అక్షరాలు తిరిగి పెట్టెలో వేసేటప్పుడు 'మ' అరలో 'య' వేసిందెవరు, 'ప' అరలో 'ష' వేసిందెవరు, ఇన్నాళ్లూ ఈ పెట్టె చూసుకున్న మహాతల్లి ఎవరు, దీన్ని ప్రెస్సు అంటారా సంత అంటారా అని ఒకటే అరుపులు. వీధి చివర దాకా వినపడుతున్నట్టుంది. ఆయన చెయ్యి మిషనులో పడిన రోజు నుంచి ఈ ఇంట్లో నన్ను తిట్టినవాళ్లు లేరే కామా. వెళ్లి తిట్లు తిని వస్తాను.

వదిన